మేలుచేయు బాక్టీరియా: అట్టమీది మాట, పరిశోధన చెప్పు మాట

హైదరాబాదునకు పడమటనున్న నల్లగండ్ల ఒకప్పుడు చెరువును, పొలములును గల గ్రామము. నేడచ్చట అంతస్తులపై అంతస్తులు లేచినవి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. ఇట్టి పేటలలోని పెద్ద దుకాణములయందు, చల్లని అరలలో పాలపాకెట్ల ప్రక్కన, పులిసిన పాలపానీయముల చిన్న సీసాలు కనిపించును. మందుల దుకాణములలో ఇట్టివే పొడిగాను, గొట్టపు మాత్రలుగాను దొరకును. వాటిలోనిది సజీవ బాక్టీరియా. తగినంత పరిమాణములో పుచ్చుకొన్నప్పుడు ఆరోగ్యమునకు మేలుచేయు సజీవ సూక్ష్మజీవులను ‘ప్రోబయోటిక్‌లు’ అందురు. వీటిని గురించిన ప్రచారములో తరచుగా వినవచ్చు వాక్యము ఒకటి కలదు: “రోగనిరోధక శక్తిని పెంచును.”

ఈ వాక్యములో ‘పెంచును’ అను క్రియతోనే చిక్కు మొదలగుచున్నది. రోగనిరోధక వ్యవస్థ దీపపు వత్తి వంటిది కాదు, ఎగదోసినకొలది వెలుగు హెచ్చుటకు. అది హద్దుమీరినను చేటే. ఉబ్బసము, కొన్ని రకముల కీళ్లవాతము, పెద్దప్రేగును పుండుచేయు కొలైటిస్ అను వ్యాధి - ఇవి ఆ శక్తి కొరవడి వచ్చినవి కావు. తగనిచోట, తగనంతగా అది పనిచేయుటవలన వచ్చినవి. ప్రేగులలో దాని పని మరింత సున్నితమైనది. ప్రతిదినము లోనికి వచ్చు అన్నమును, అచ్చటనే కాపురమున్న లక్షలకోట్ల బాక్టీరియాను అది ఓర్చుకొనవలెను. వాటి నడుమ దూరివచ్చు కలరా, టైఫాయిడు క్రిములను మాత్రము గుర్తించి పట్టవలెను. ఓర్చుకొనుట, ఎదిరించుట - రెండును దాని విధులే.

ఈ పని జరుగు తీరు తెలిసినగాని ఆ ప్రచారవాక్యమును తూచుటకు వీలుకాదు. ప్రేగు లోపలి గోడపైనున్న పొర ఒకే కణము మందము గలది. దానిపై జిగురు వంటి శ్లేష్మపు పూత, దాని క్రింద రోగనిరోధక కణముల దండు. అట్టి కణములు పెక్కు ప్రేగులను ఆశ్రయించియే యున్నవి. చిన్నప్రేగు గోడలో గుంపులుగానున్న కణసముదాయములను 1677లో స్విట్జర్లాండు వైద్యుడు యోహాన్ పేయర్ వర్ణించెను; వాటిని నేటికిని పేయర్ ఫలకములనియే పిలుచుచున్నారు. ఈ ఫలకములపై నుండు ఎం-కణములు ప్రేగులోని బాక్టీరియా మచ్చులను లోనికి చేరవేయును. లోపలనున్న డెండ్రిటిక్ కణములు ఆ మచ్చును పరిశీలించి, టి-కణములకు చూపును. వాటి ప్రేరణచేత బి-కణములు ఐజి-ఏ అను ప్రతిదేహమును తయారుచేయుటకు పూనుకొనును. ఆరోగ్యవంతుని ప్రేగులలోనికి ఇది ప్రతిదినము కొన్ని గ్రాములు స్రవించును. ఐజి-ఏ సాధారణముగా బాక్టీరియాను చంపదు. చుట్టుముట్టి గోడకు అంటకుండ ఆపును. కాపలాదారు దొంగను కొట్టక, వాకిటనే నిలిపివేయుట వంటిదన్నమాట.

ఈ కాపలాదారునకు చదువు చెప్పునది బాక్టీరియాయే. ఏ సూక్ష్మజీవియు సోకకుండ ప్రయోగశాలలో పెంచిన ఎలుకలకు పేయర్ ఫలకములు సరిగా ఎదుగవు. ఐజి-ఏ కడు స్వల్పముగా నుండును. బాక్టీరియాను ప్రవేశపెట్టినచో ఆ లోపము చాలవరకు తీరును. మరియొక సంగతి. తినిన పీచును బాక్టీరియా పులియబెట్టగా బ్యుటిరేట్ అను ఆమ్లలవణము పుట్టును. ఇది నియంత్రక టి-కణముల సంఖ్యను హెచ్చించునని 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు చూపినవి. నియంత్రక కణముల పని పోరుట కాదు, పోరును ఆపుట. అట్లే తల్లిపాలు త్రాగు శిశువులకు బైఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ అను బాక్టీరియాను ఇయ్యగా ప్రేగులలో శోథను, అనగా కమిలి వాచుటను, సూచించు పదార్థములు తగ్గినవని 2021లో ప్రకటితమైనది. తల్లిపాలలో శిశువు జీర్ణించుకొనలేని చక్కెరలు కొన్ని కలవు. అవి ఈ బాక్టీరియాకు ఆహారము. ఇచ్చట జరిగిన మేలును ‘పెంచుట’ అనుటకంటె ‘శాంతింపజేయుట’ అనుట న్యాయము.

విచిత్రమేమనగా, పెరుగును శాస్త్రచర్చలోనికి తెచ్చినవాడు రోగనిరోధక శాస్త్రమునకు ఆద్యులలో ఒకడే. ఇల్యా మెచ్నికోవ్ క్రిములను మ్రింగు తెల్లకణములను కనుగొని 1908లో నోబెల్ బహుమానము నందుకొనెను. కాని పులిసిన పాలవలన ఆయుర్దాయము హెచ్చునని వాదించినప్పుడు ఆయన తన కణముల ప్రసక్తిని ప్రధానము చేయలేదు. పెద్దప్రేగులో కుళ్లువలన పుట్టు విషములను పులుపు అరికట్టునని తలచెను. ఆయన నమ్మిన బల్గేరియా బాసిల్లస్ మనుష్యుని ప్రేగులలో నిలువదని తరువాత అమెరికాలో రెట్గర్ మొదలగువారు చూపిరి. సిద్ధాంతము కూలినను సంత నిలిచినది.

ఇక నిజముగా తూకమునకు నిలుచు పరిశోధన ఒకటి తెలుగు నేలకు పొరుగుననే జరిగినది. ఒడిషా గ్రామములలో పినాకి పాణిగ్రాహి బృందము జరిపిన ఈ పరీక్ష 2017లో ‘నేచర్’ పత్రికలో వెలువడెను. రెండు కిలోగ్రాములకు తగ్గని బరువు గలిగి, తల్లిపాలు త్రాగుచున్న 4,556 నవజాత శిశువులను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అను బాక్టీరియాను, దానికి ఆహారమగు ఒక చక్కెరను కలిపి ఏడుదినములు ఇచ్చిరి. రెండవ వర్గమునకు బాక్టీరియా లేని పొడి. అరువది దినములు కనిపెట్టి చూచిరి. రక్తమును విషపరచు సెప్సిస్ గాని, మరణము గాని రెండవ వర్గములో నూటికి 9 మందికి, మొదటి వర్గములో 5.4 మందికి సంభవించెను. అనగా ఆపద నూటికి 40 వంతులు తగ్గినది. దీనినే వేరు విధముగా లెక్కించినచో, సుమారు 28 మంది శిశువులకు ఇచ్చినచో ఒకరికి ఆపద తప్పినది. ఒకే ఫలితము మొదటి లెక్కలో ఎంత పెద్దదిగా, రెండవ లెక్కలో ఎంత చిన్నదిగా కనిపించునో గణితపాఠమునకు మంచి ఉదాహరణము. అయినను గ్రామసీమలలో ఇది చిన్న మేలు కాదు.

ఈ పరీక్ష గొప్పదనమును ఒప్పుకొనుచునే కొన్ని ప్రశ్నలు వేయవలసియున్నది. లాభము స్పష్టముగా కనిపించుటచేత దీనిని అనుకొన్నదానికంటె ముందుగా ఆపివేసిరి. అట్లు ఆపిన పరీక్షలు లాభమును కొంత హెచ్చుగా చూపు ప్రమాదము కలదు. మరణములు రెండు వర్గములలోను కొద్ది మాత్రమే. కనుక ప్రాణములు నిలిచినవని దీనినిబట్టి చెప్పరాదు, జబ్బు తగ్గినదని చెప్పవచ్చును. అన్నిటికంటె ముఖ్యము: శ్వాసకోశ వ్యాధులు కూడ తగ్గుటచేత ప్రేగులకు ఆవలనున్న రోగనిరోధక వ్యవస్థ కూడ ప్రభావితమైనదని ఊహింపవచ్చును. కాని ఊహ రుజువు కాదు. చోటు ఆక్రమించుటవలన, ఆమ్లము పుట్టించుటవలన, ప్రేగుగోడను బిగించుటవలన కూడ చెడు క్రిములు ఆగవచ్చును.

అదే మేలు మరియొక బాక్టీరియావలన కలుగునా? ఇంగ్లండులో నెలలు నిండని శిశువులు 1,300 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో బైఫిడోబాక్టీరియం బ్రీవి అను బాక్టీరియావలన ప్రయోజనము కానరాలేదు. అది 2016 నాటి మాట. కలకత్తా పేదవాడలలో 3,758 మంది పిల్లలకు షిరోటా అను రకము గల పానీయమును 12 వారములు ఇయ్యగా, విరేచనములు నూటికి 14 వంతులు తగ్గినవని 2011లో తేలినది. ఒకచోట 40, ఒకచోట 14, ఒకచోట సున్న. వరి ఒకే జాతి; కాని సాంబమసూరియు, స్వర్ణయు ఒకటి కావు. బాక్టీరియా విషయములో ఈ భేదము ఇంకను పెద్దది. ఇ. కోలై జాతిలోనే నెత్తుటి విరేచనములు పుట్టించు రకము కలదు, నిస్లె పేరిట మందుగా అమ్ముడగు రకమును కలదు.

హైదరాబాదునకు ఈ చర్చలో ప్రత్యేకమైన ఆసక్తి ఉండవలెను. చంటిబిడ్డల విరేచనములకు కారణమైన రోటావైరసుపై నోటిద్వారా ఇచ్చు రోటావాక్ టీకా ఇచ్చటి భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసినది. 2016లో ప్రభుత్వ టీకా కార్యక్రమములో దీనిని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తీవ్రమైన జబ్బును ఇది మొదటి సంవత్సరములో నూటికి 56 వంతులు అరికట్టెను. సంపన్న దేశములలో ఇట్టి టీకాలు నూటికి 85కు పైగా అరికట్టును. ఇది ఈ ఒక్క టీకా లోపము కాదు. పేదదేశములలో నోటి టీకాలన్నిటికిని ఈ చిక్కు కలదు. ప్రేగులలోని బాక్టీరియాను మార్చినచో టీకాకు బలము చేకూరునా? రాయవేలూరులో 600 మందికి పైగా శిశువులకు మరియొక రోటావైరస్ టీకాతోపాటు రామ్నోసస్ జిజి అను బాక్టీరియాను, జింకును ఇచ్చి చూచి, 2018లో ఫలితమును ప్రకటించిరి. బాక్టీరియావలన స్పందన కొంచెము హెచ్చినట్లు తోచెను. అయితే అది కాకతాళీయము కాదని చెప్పుటకు చాలినంత కాదు. ‘రోగనిరోధక శక్తిని పెంచును’ అను వాక్యమునకు ఇంతకంటె సూటియైన పరీక్ష మరియొకటి ఉండబోదు.

సజీవము గనుక బాక్టీరియాకు కీడుచేయు శక్తియు కలదు. ప్రోబయోటిక్ బాక్టీరియా రక్తములో చేరి నెలలు నిండని శిశువు ఒకటి మరణించిన పిమ్మట, 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆసుపత్రులను హెచ్చరించినది. యాంటీబయోటిక్ వాడిన తరువాత పదునొకండు రకముల బాక్టీరియా గల మాత్రలు పుచ్చుకొన్నవారిలో సొంత బాక్టీరియా తిరిగి కుదురుకొనుట ఆలస్యమైనదని 2018లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు చూపిరి.

మరి తోడు వేసిన పెరుగు మాటయేమి? తరవాణి, చద్దన్నము మాటయేమి? ఇవి మంచి ఆహారములు. పెరుగులో మాంసకృత్తులు, కాల్షియము పుష్కలము. ఇంటి తోడులోని బాక్టీరియా ఇంటింటికి వేరు, ఋతువు ఋతువునకు వేరు. కనుక పరీక్షించిన ప్రోబయోటిక్ అను పేరు దానికి చెల్లదు. అంతమాత్రమున సీసాలోనిది పెరుగును మించినదని కాదు. పెరుగును ఎవ్వరును మందని చెప్పి అమ్ముట లేదు. సీసాపై మాత్రము వాగ్దానము కలదు, వాగ్దానమునకు సాక్ష్యము అడుగవలెను.

2016 నాటి ఆహార భద్రతా నిబంధనలు ప్రోబయోటిక్ ఆహారములో రోజువారీ మోతాదునకు కనీసము 10 కోట్ల సజీవ కణములుండవలెనని చెప్పినవి. ఒడిషాలో శిశువునకు ఒక్కొక్క మోతాదులో ఇచ్చినవి సుమారు 100 కోట్లు. అయితే లెక్కకంటె రకము ముఖ్యము. ఆ పరీక్షలోని బాక్టీరియాకు జాతిపేరుతోపాటు 202195 అను సంఖ్య కలదు. జాతిపేరు మాత్రమే అచ్చువేసి, సంఖ్యను వదలివేసిన అట్టపై ‘ప్లాంటారమ్’ అని యున్నను, ఒడిషా శిశువులకు కలిగిన మేలును ఆ సీసా లెక్కలో వేయుటకు వీలులేదు.