లోతులో తెలివి నిలిపే గాలి

కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో పిల్లలకు ఈత అబ్బేది బావిలోనే. అడుగు ముట్టానంటే ఎవరూ నమ్మరు, గుప్పెడు మట్టి పైకి తేవాలి. మూడు నిలువుల లోతుకే చెవులు పోటెత్తుతాయి. ముక్కు మూసుకుని లోపల్లోపల ఊదితే ఆ పోటు వదులుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మా వైపు పిల్లలకు నీటి బరువు తెలిసేది అప్పుడే.

కోవిల్‌పట్టి నుంచి సుమారు 60 కిలోమీటర్లు వెళ్తే తూత్తుకుడి. 1961 దాకా అక్కడ ముత్యాల వేట సాగింది. రాయి కట్టిన తాడు పట్టుకుని, బిగబట్టిన ఒక్క ఊపిరితో, ‘పార్’ అని పిలిచే చిప్పల తిట్టెల మీదికి దిగేవారు. చిప్పలు ఏరి తాడు లాగితే, పడవలోని మనిషి పైకి చేదేవాడు.

వీపున సిలిండరు కట్టుకుని దిగితే లెక్క మారుతుంది. 10 మీటర్లకు ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది; అంత ఒత్తిడితోనే గాలి పీల్చాలి. 30 మీటర్లు దాటాక గాలిలోని నత్రజని మత్తెక్కిస్తుంది. గేజీ మీద అంకె కనిపిస్తుంది, దానికి ఏం చేయాలో తట్టదు. పైకొచ్చాక చూసింది సగం గుర్తుండదు. సరదాకు దిగేవారికి హద్దు 40 మీటర్లన్నది ఊరికే పెట్టలేదు.

ఆ నత్రజనిలో కొంత తీసేసి హీలియం నింపితే మత్తు తగ్గుతుంది. ఈ వాయువు కథలో మన గుంటూరు ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడినుంచే సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును విడగొట్టి చూశాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ ఆ జ్వాలల్లో అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ పొసగని పసుపు గీతను గమనించాడు. ఆ గీతకు మూలమైన కొత్త మూలకానికి సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే దాన్ని భూమ్మీద ఖనిజంలో పట్టుకున్నాడు. 1939లో మునిగిన అమెరికా జలాంతర్గామి స్క్వాలస్‌ను వెలికితీసేటప్పుడు డైవర్లు హీలియం కలిపిన ఆక్సిజన్ పీల్చారు.

మిశ్రమం తయారీ నాకు వంటంత ఇష్టమైన పని. 21/35 అంటే ఆక్సిజన్ 21 శాతం, హీలియం 35, మిగిలింది నత్రజని. 200 బార్ల సిలిండరుకు ముందు 70 బార్ల హీలియం, తర్వాత సుమారు 19 బార్ల ఆక్సిజన్, పైన శుభ్రమైన గాలి. జిడ్డు చుక్క ఉన్నా ఆక్సిజన్‌తో మంట పుట్టొచ్చు, అందుకే నెమ్మదిగా నింపాలి. ఈ మిశ్రమంతో 45 మీటర్ల దగ్గర నత్రజని మత్తు, మామూలు గాలితో 21 మీటర్ల దగ్గర ఉన్నంతే. ఊపిరీ తేలికవుతుంది: ఆ లోతులో మామూలు గాలి లీటరు 7 గ్రాములు తూగితే, ఇది 5 గ్రాములు. చిక్కటి గాలిని లాగలేక ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతే, మత్తు కన్నా అదే ప్రమాదం.

అయితే హీలియం వేడిని త్వరగా లాగేస్తుంది, కాబట్టి పొడి సూటులోకి దాన్ని ఊదకూడదు. పైకి రావడంలో తొందర పనికిరాదు; మెట్టుమెట్టుకూ ఆగాలి. శిక్షణ లేకుండా ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. అందులోని డైవర్లు 300 మీటర్ల దాకా పనిచేయగలరు. అంత లోతుకు హీలియం లేనిదే దారి లేదు. మా మన్నార్ సింధుశాఖలో ముత్యపు పార్లు చాలావరకు 25 మీటర్ల లోపే. అక్కడ మామూలు గాలి చాలు. వదిలిన ప్రతి ఊపిరితో హీలియం బుడగలై పోతుంది, ఆకాశం దాటాక తిరిగి రాదు. ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ యంత్రాలను చల్లబరిచేదీ అదే. లోతు తక్కువైన చోట దాన్ని వాడడం నాకు మనసొప్పదు.

నింపినవారి మాట మీద ఎవరూ నీళ్లలోకి దిగరు. డైవరు తానే యంత్రంతో కొలిచి, మిశ్రమం, దాటకూడని లోతు, తేదీ టేపు మీద రాసి, సంతకం చేసి, సిలిండరు మెడకు అంటిస్తాడు.