రెప్ప తిప్పి చూశాక

మందలో ఒక మేక వెనకబడితే కాపరి ముందుగా దాని కంటి కింది రెప్ప తిప్పి చూస్తాడు. లోపల ఎర్రగా ఉంటే సరే. తెల్లగా పాలిపోతే, రక్తం లేదని తేల్చేస్తాడు. ఆ తీర్పులో తప్పు లేదు. దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990ల్లో ఇదే చూపును అయిదు రంగుల ఫమాచా కార్డుగా మలిచారు.

చిక్కంతా ఆ తర్వాతే. రెప్ప తెల్లబడగానే నట్టల మందు పట్టించడం అలవాటు. చాలాసార్లు గుణం కనిపిస్తుంది కూడా. కడుపులో చేరే హీమాంకస్ నట్ట ఒక్కోటి రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. వేలల్లో చేరితే మేక లేచి నిలబడలేదు. ఫమాచా కార్డు పుట్టిందే ఆ నట్ట కోసం. రక్తం తగ్గిందని అది చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు.

పిడుదులు అంటించే బబీసియా, థైలీరియా, అనాప్లాస్మాల దారి వేరు. ఇవి ఎర్రకణాల్లోకే దూరుతాయి. (అనాప్లాస్మా నిజానికి బాక్టీరియా, పాత అలవాటు కొద్దీ రక్త పరాన్నజీవుల జాబితాలో మిగిలిపోయింది.) నట్టల మందు వీటిని తాకను కూడా తాకదు. వారం పదిరోజులు ఆ మందు మీద భరోసా పెట్టుకుని కూర్చుంటే, ఈలోపు పాలు తగ్గుతాయి, చూలు మేక ఈసుకుపోవచ్చు.

తేడా పట్టడానికి థర్మామీటరు మంచి సాయం. మేక ఒంటి వేడి మామూలుగానే 102, 103 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 105 దాటితే నట్టల మీది అనుమానాన్ని కాస్త పక్కన పెట్టాలి. థైలీరియాలో జబ్బ ముందు బిళ్ల కట్టవచ్చు, బబీసియాలో మూత్రం ఎర్రబడవచ్చు. అనాప్లాస్మాలో మూత్రం రంగు మారదు. ముదిరితే రెప్పలో పసుపు ఛాయ తేలుతుంది.

చెవి సిర నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పలచగా పరిచి, గీమ్సా రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే చాలావరకు గుట్టు తెలుస్తుంది. అది ఓపిక పరీక్షించే పని. మనిషి ఎర్రకణం వెడల్పు 7 మైక్రాన్లకు పైనే, మేకది 3 పైచిలుకు. దాని అంచున అనాప్లాస్మా ఒక చుక్క. రంగు నలుసు కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. అయినా ఆ కష్టం పడాల్సిందే, మందులు వేరు గనక: అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్, బబీసియాకు డైమినజీన్, థైలీరియాకు బుపార్వాక్వోన్.

కోలుకున్న మేక ఒంట్లోనూ అనాప్లాస్మా ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. లారీ ప్రయాణంలో నలిగినా, మేత కరువైనా మళ్లీ బయటపడవచ్చు. సంతలో రెప్ప ఎర్రగా కనిపించిన మేక చెవుల్లో, తోక కింద పిడుదులున్నాయేమో చూడకుండా బేరం కుదుర్చుకునేవారే ఎక్కువ.