డైవింగ్‌కు వెళ్తే చిన్న బసే మేలు

స్కూబా నేర్చుకున్న మిత్రులు కరీబియన్ ప్రయాణం పెట్టుకున్నప్పుడు నన్ను ముందుగా అడిగేది ఏ రిసార్టు బాగుంటుందని. నేను తిరిగి అడిగేది అక్కడ ఎన్ని గదులున్నాయని. పది పన్నెండు గదులకు మించని, రాత్రి తొమ్మిదయ్యేసరికి మాటలు సద్దుమణిగే, యజమాని కుటుంబం అదే ఆవరణలో కాపురముండే బస దొరికితే నా ఓటు దానికే. డబ్బు మిగులుతుందని చెబుతున్న సలహా కాదిది. నీళ్లలోకి దిగేవాడి ఒంటికి, మనసుకు, చివరికి ఆ సముద్రానికి కూడా ఏ బస మేలు చేస్తుందో ఏళ్ల తరబడి గమనించాక నాకు కుదిరిన నమ్మకం.

బొనైర్ దీవి సంగతి చూద్దాం. వెనిజులా తీరానికి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2010 అక్టోబరు 10 నుంచి నెదర్లాండ్స్‌లో ప్రత్యేక మునిసిపాలిటీ. చెలామణిలో ఉన్నది అమెరికా డాలరు, ఇళ్లలో వినిపించేది పపియమెంతు భాష. అట్లాంటా, హ్యూస్టన్‌ల నుంచి నేరుగా విమానాలున్నాయి గనుక అమెరికాలో స్థిరపడి డైవింగ్ మీద మక్కువ పెంచుకున్న తెలుగువాళ్లకు మరీ దూరం కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచే వీస్తుంది. అందుకే పడమటి తీరం చెరువులా ఉంటుంది. ఆ తీరం పొడవునా పగడపు దిబ్బ ఒడ్డును ఆనుకునే ఉంది. కొద్ది దూరం ఈదితే చాలు, సుమారు 10 మీటర్ల లోతున దిబ్బ అంచు వచ్చి, అక్కడి నుంచి కిందికి వాలు మొదలవుతుంది.

రోడ్డు పక్కన పసుపు రంగు పూసిన రాళ్లు కనిపిస్తాయి. ఒక్కో రాయి మీద ఒక్కో డైవ్ సైటు పేరు. ఇలా గుర్తించిన సైట్లు దీవి చుట్టూ 80కి పైగా ఉన్నాయి. పికప్ ట్రక్కు అద్దెకు తీసుకుని, డైవ్ షాపులో ట్యాంకులు ఎక్కించుకుని, నచ్చిన రాయి దగ్గర ఆగి, జంటగా నీళ్లలోకి నడిచి వెళ్లడమే ఇక్కడి పద్ధతి. పడవ వేళలు లేవు, బృందంతో పరుగులు లేవు. పెద్ద రిసార్టులో బస చేయడానికి సాధారణంగా చెప్పే కారణం దాని పడవే. ఆ పడవ అవసరం లేని చోట, బసను మన అవసరాన్ని బట్టి ఎంచుకునే స్వేచ్ఛ వస్తుంది.

మన అవసరాల్లో మొదటిది నిద్ర. ప్రతి 10 మీటర్ల లోతుకు నీటి పీడనం ఒక అట్మాస్ఫియర్ మేర పెరుగుతుంది. 20 మీటర్ల దగ్గర మనం పీల్చే గాలి ఉపరితలం మీద కంటే మూడు రెట్లు చిక్కన. కంగారుగా, పైపైన ఊపిరి తీసేవాడి ట్యాంకు కళ్లెదుటే తరిగిపోతుంది. నెమ్మదిగా, నిండుగా పీల్చి వదిలేవాడికి అదే ట్యాంకు ఎంతో ఎక్కువసేపు వస్తుంది. ఆ నెమ్మది నీళ్లలో దిగాక తెచ్చుకోగలిగేది కాదు. అది ముందు రోజు రాత్రే సిద్ధమవుతుంది. ఈత కొలను పక్కన అర్ధరాత్రి దాకా పాటలు మోగే చోట పడుకుని తెల్లవారి దిగినప్పుడూ, కప్పు మీద గాలి శబ్దం తప్ప మరేదీ వినపడని గదిలో పడుకుని దిగినప్పుడూ, ప్రెజర్ గేజీలో తేడా నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

మరో సంగతి నైట్రోజన్. రోజుకు రెండు మూడు డైవ్‌ల చొప్పున వరుసగా చేస్తుంటే ఒంట్లోని కణజాలంలో నైట్రోజన్ పేరుకుంటుంది. అది మెల్లగా బయటికి పోవాలి. ఒంట్లో నీరు తగ్గినా, మద్యం తాగినా, అలసట తీరకపోయినా ముప్పు పెరుగుతుందని డైవింగ్ శిక్షణలో మొదటి పాఠాల్లోనే చెబుతారు. ఆ పాఠాన్ని పాటించడానికి చిన్న బసలో మనోనిగ్రహం అంతగా అక్కర్లేదు. అక్కడ బార్ ఉండదు, విందు ఉండదు. వంటగదిలో కాస్త అన్నం వండుకుని, పప్పో చేపో తిని, నీళ్లు తాగి, డైవ్ లాగ్ రాసుకుని పడుకోవడమే.

బస చూసేటప్పుడు మంచం కంటే ముందు పెరడు చూస్తాను. ఉప్పునీళ్లలో నానిన రెగ్యులేటరు, బీసీడీ జాకెట్టు, ఫిన్లు కడుక్కోవడానికి మంచినీటి తొట్టి ఉందా? బొనైర్‌లో మంచినీళ్లు సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చేవే. కాబట్టి ఆ తొట్టి నీళ్లను నలుగురూ కలిసి వాడుకునే ఏర్పాటు ఉంటే ఆ యజమానికి వివేకం ఉందని అర్థం. వెట్‌సూట్లు ఆరేసుకోవడానికి నీడపట్టున, గాలి తగిలేలా దండెం ఉందా? ఎండలో ఆరేస్తే రబ్బరు పాడవుతుంది. సామాను పెట్టి తాళం వేసుకునే చిన్న గది ఉందా? ట్రక్కుల్లో వదిలిన వస్తువులు పోవడం ఈ దీవిలో పాత సమస్య. అందుకే అనుభవమున్నవాళ్లు ట్రక్కులో ఏమీ ఉంచకుండా నీళ్లలో దిగుతారు. గది కింది అంతస్తులో ఉందా? ట్యాంకు, సీసపు దిమ్మలు మోసిన రోజు సాయంత్రం మెట్లెక్కాల్సి వస్తే తెలుస్తుంది దాని విలువ. వసారా ఉందా? రెండు డైవ్‌ల మధ్య గంటో రెండు గంటలో ఒంటిని తేలికపడనివ్వాలి. ఆ వేళకు నీడలో కుర్చీ వేసుకునే చోటు కావాలి.

ఇవన్నీ ఫొటోల్లో కనపడవు. అందుకే గది బుక్ చేసేముందు యజమానికి నేరుగా రాసి అడుగుతాను. డైవర్లను ఎరిగిన యజమాని జవాబు వెంటనే తెలిసిపోతుంది. తొట్టి ఎక్కడుందో, దండేనికి ఏ వేళ ఎండ తగులుతుందో, పక్కింటి కుక్క ఎప్పుడు మొరుగుతుందో కూడా రాస్తారు. అలా రాసిన చోట నాకు ఎన్నడూ నిరాశ ఎదురుకాలేదు.

చిన్న బసలో అన్నిటికంటే విలువైనది ఆ ఇంటి మనుషులే. అక్కడి గాలి ఎప్పుడో ఒకసారి దిశ మార్చుకుంటుంది. అప్పుడు నిమ్మళంగా ఉండే పడమటి తీరంలో అలలు లేచి, రాళ్ల మీదుగా నీళ్లలోకి దిగడం ప్రమాదమవుతుంది. 1999 నవంబరులో లెన్నీ తుపాను పడమర నుంచి రావడంతో ఈ వైపు పగడాలు బాగా దెబ్బతిన్నాయి. గాలి తిరిగే సూచనలు ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు పొద్దున్నే తెలుస్తాయి. నేనొకసారి ట్యాంకులు ఎక్కించుకుంటుండగా బస యజమానురాలు వసారాలోకి వచ్చి, చెట్ల కొమ్మలు చూపించి, ఇవాళ దక్షిణం వైపు వద్దు, రేపు వెళ్లండి అని చెప్పింది. వందల గదులున్న చోట మనం ఎటు వెళ్తున్నామో పట్టించుకునేవాళ్లు ఎవరుంటారు?

నిశ్శబ్దంతో పాటు చీకటి కూడా కావాలి. పున్నమి దాటిన కొద్ది రోజులకు, సూర్యుడు అస్తమించి ముప్పావుగంట గడిచాక, చంద్రుడు ఉదయించక ముందు, లోతు తక్కువ నీళ్లలో ఆస్ట్రకాడ్లనే సన్నని జీవులు జతకోసం వెలుగు చుక్కలు వదులుతాయి. నీలిరంగు చుక్కలు ఒకదాని మీద ఒకటి నిలువునా పేరుకుంటూ పైకి పోతాయి. టార్చి ఆర్పేసి కదలకుండా తేలితేనే అవి కంటపడతాయి. ఒడ్డున దీపాలు దండిగా వెలిగే చోట ఆ వెలుగు చెదిరిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో పున్నమి తర్వాతి కొన్ని రాత్రుల్లో పగడాలు గుడ్లు వదలడానికీ, ఇసుకలోంచి బయటపడ్డ తాబేలు పిల్లలు సముద్రం దారి పట్టడానికీ రాత్రి ఆకాశపు సహజమైన వెలుగే ఆధారం. ఒడ్డు మీద మనం వెలిగించే ప్రతి దీపానికీ నీళ్లలో ఫలితం ఉంటుంది.

ఈ దిబ్బ మనకు ఇప్పటికీ మిగిలి ఉందంటే కొందరు ముందుగా మేల్కొన్నందుకే. 1962లో కెప్టెన్ డాన్ స్టూవర్ట్ అనే అమెరికన్ నావికుడు ఇక్కడికి వచ్చి ఉండిపోయాడు. డైవింగ్‌ను ఈ దీవికి జీవనాధారంగా మలచినవాళ్లలో ఆయన ముఖ్యుడు. పడవలు లంగరు వేసి పగడాలను విరగ్గొట్టకుండా బోయాలకు కట్టుకునే ఏర్పాటు చేయించాడు. 1971లో ఈటెలతో చేపల వేట నిషేధించారు. 1975లో పగడాలు సేకరించడాన్ని నిషేధించారు. 1979లో దీవి చుట్టూ సముద్రాన్ని మెరైన్ పార్కుగా ప్రకటించారు. పోటు గీత నుంచి 60 మీటర్ల లోతు దాకా దాని పరిధి. కొత్తగా వచ్చిన డైవరు ముందు నియమాలు విని, తేలికైన పరీక్ష డైవ్ చేసి చూపించాకే మిగతా సైట్లకు వెళ్లాలి. పగడాలను పట్టుకోవాలన్న ఆలోచనే రాకుండా చేతి తొడుగుల మీద కూడా నిషేధం పెట్టారు.

అయినా కష్టాలు తీరలేదు. 2014లో ఫ్లోరిడాలో మొదట గుర్తించిన పగడాల తెగులు కరీబియన్ అంతటా పాకుతూ 2023లో బొనైర్‌కూ చేరింది. గట్టి పగడాల కణజాలాన్ని అది వారాల్లో ఊడ్చేస్తుంది. సామాను క్రిమిరహితం చేసుకోమని అప్పటి నుంచి డైవర్లకు చెబుతున్నారు. అదే ఏడాది సముద్రం వేడెక్కి కరీబియన్‌లో పగడాలు తెల్లబారాయి. ఇలాంటి కాలంలో ఒడ్డున ఉన్న సెప్టిక్ ట్యాంకుల నుంచి మురుగు ఊటగా సముద్రంలో కలిస్తే నాచు పెరిగి పగడాలను కమ్ముతుంది. బస చిన్నదైనంత మాత్రాన మురుగు ఉండదని కాదు. అందుకే మురుగు ఎక్కడికి పోతుందని కూడా అడుగుతాను. జవాబు చెప్పగలిగిన యజమాని దగ్గరే దిగుతాను.

చిన్న బస అందరికీ పనికిరాదని కూడా ఒప్పుకోవాలి. నిన్న మొన్న సర్టిఫికెట్ వచ్చినవాళ్లకు, జత డైవరు లేకుండా వచ్చినవాళ్లకు, పసిపిల్లలతో వచ్చిన కుటుంబాలకు, కారు నడపనివాళ్లకు పెద్ద రిసార్టులో లాభాలున్నాయి. గైడు ఉంటాడు, గుమ్మం ముందే దిబ్బ ఉంటుంది, అత్యవసరంలో ఆక్సిజన్ చేతికందుతుంది. సొంతంగా డైవ్‌కు పథకం వేసుకోగల జంటకు నేను చెబుతున్నవి వర్తిస్తాయి. అలాంటి జంట కూడా ఆక్సిజన్ కిట్ ఏ షాపులో ఉందో, ఆసుపత్రికి దారేదో మొదటి రోజే తెలుసుకోవాలి.

ఇదే డచ్ కరీబియన్‌లో సాబా అనే మరో దీవి ఉంది. వైశాల్యం 13 చదరపు కిలోమీటర్లే. రన్‌వే పొడవు 400 మీటర్లు. చెప్పుకోదగ్గ ఇసుక తీరం లేదు గనుక పెద్ద హోటళ్లు అక్కడికి రాలేదు. కొండ మీద ఎర్ర కప్పుల కాటేజీలు, చిన్న సత్రాలే బస. 1987 నుంచి అక్కడా మెరైన్ పార్కు ఉంది. అక్కడ పడవ మీదే డైవింగ్‌కు వెళ్లాలి. పడవ దిగాక కొండెక్కితే రాత్రంతా చల్లని నిశ్శబ్దం. చిన్న బసలతోనే ఒక దీవి డైవర్లను పోషించగలదని చెప్పడానికి సాబా చాలు.

చివరి రోజు గురించి ఒక మాట. వరుస డైవ్‌ల తర్వాత విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ వైద్యుల సలహా. ఆ రోజును నేను బొనైర్ దక్షిణపు కొసన గడుపుతాను. అక్కడ ఉప్పు మడులున్నాయి, ఫ్లెమింగోలున్నాయి. సముద్రం ఒడ్డున వరుసగా రాతి గుడిసెలు కూడా ఉన్నాయి. 1850లో కట్టినవి. ఉప్పు కొఠార్లలో చాకిరీ చేసిన బానిసలు పడుకున్నది వాటిలోనే. నిటారుగా నిలబడడానికి వీల్లేనంత కురచ. వారాంతంలో వాళ్లు గంటల తరబడి నడిచి ఉత్తరాన రింకోన్ ఊళ్లోని కుటుంబాల దగ్గరికి వెళ్లి వచ్చేవారు. కరీబియన్‌లోని డచ్ వలసల్లో బానిసత్వం రద్దయింది 1863లో. చిన్న గదిని ఇష్టపడి ఎంచుకోగలగడం ఎంత పెద్ద భాగ్యమో ఆ గుడిసెల ముందు తెలుస్తుంది. ఆ మనుషుల వారసులు ఈ దీవిలో ఇప్పటికీ ఉన్నారు. మనం గదికి ఇచ్చే డబ్బు వాళ్ల ఇంటికే చేరాలని కోరుకోవడం న్యాయం.

కాబట్టి కరీబియన్ వెళ్లే డైవర్లకు నా మనవి ఇది. టికెట్లు కొన్న రోజే బసకు ఉత్తరం రాయండి. ఎన్ని గదులు, తొట్టి ఎక్కడ, దండెం ఎక్కడ, రాత్రి దీపాలు ఎన్ని గంటలకు ఆర్పుతారు, మురుగు ఎటు పోతుంది, ఇంటి యజమాని ఆ ఆవరణలోనే ఉంటారా అని అడగండి. ఈ ఆరింటికీ సూటిగా జవాబొచ్చిన చోట గది తీసుకోండి.