బరువు మోసే గిటారు

మా మేనల్లుడు గిటారు నేర్చుకుంటున్నాడు. ఈ వారం ఇంటికొచ్చి, "మావయ్యా, లీడ్ వస్తే చాలదూ? రిథమ్ ఎవరు వింటారు?" అన్నాడు. ఒళ్లు మండింది. కానీ లీడ్ అంటే బాణీ వాయించే గిటారే కదా, ఆ మాటలో సగం నాదే. బాణీ లేనిది పాటే కాదని నేనే ఎన్నోసార్లు రాశాను. వాడికి వినిపించాలని తీసింది కూడా నిండా బాణీలున్న ఆల్బమే: 1995లో పారడైజ్ లాస్ట్ అనే మెటల్ బ్యాండు తెచ్చిన 'డ్రాకోనియన్ టైమ్స్'.

మెటల్ అంటే అరుపులే అనుకునేవాళ్లు అందులో మొదటి పాట 'ఎన్‌చాంట్‌మెంట్' వినాలి. ముందు పియానో. తర్వాత డ్రమ్స్, గిటార్లు నింపాదిగా దిగుతాయి. గ్రెగర్ మాకింటోష్ లీడ్ గిటారులో ఉరుకులు పరుగులు ఉండవు. ఒక స్వరాన్ని పట్టుకుని, తీగను కాస్త లాగి, పక్క స్వరంలోకి జారుతుంది. వాళ్ల మైనర్ స్కేలు మన నటభైరవి స్వరాలే కాబట్టి ఆ దిగులు మన చెవికి కొత్త కాదు. నిక్ హోమ్స్ గొంతు ఆగిన చోట గిటారు అందుకుంటుంది. పాట అయిపోయాక మాటలు మరిచిపోయినా, ఆ గిటారు బాణీ నోట్లో ఆడుతూనే ఉంటుంది.

ఆ నిదానం వాళ్లకు ఊరికే రాలేదు. ఇంగ్లండ్‌లో, వెస్ట్ యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ వాళ్లది. ఒకప్పుడు మిల్లుల ఊరు. 1988లో బ్యాండు కట్టారు. మెటల్‌లో చాలామంది వేగం కోసం పోటీపడుతున్న రోజుల్లో వీళ్లు వేగం తగ్గించారు. 1990 నాటి మొదటి ఆల్బమ్ నిండా గర్జనే. మరుసటేడు 'గోథిక్'లో ఆడగొంతునూ ఆర్కెస్ట్రానూ కలిపారు. ఈ రకం మెటల్‌కు 'గోథిక్' అన్న పేరు స్థిరపడటంలో ఆ ఆల్బమ్‌ది పెద్ద చెయ్యి. 1993లో 'ఐకన్' వచ్చేసరికి హోమ్స్ గర్జన తగ్గించి, మాట తెలిసేలా పాడసాగాడు. ఇంకో రెండేళ్లకు పన్నెండు పాటల 'డ్రాకోనియన్ టైమ్స్', బ్రిటన్ చార్టులో 16వ స్థానం. గర్జన నుంచి పాట దాకా అయిదేళ్ల నడక అది. కళాకారుడికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలన్నది నా పాత పట్టు. అది విడవను.

ఇక్కడిదాకా మార్కులన్నీ లీడ్‌కే. అయితే మొన్న ఆ బాణీని మావాడి చేత విడిగా వాయించి చూశాను. తీయగా ఉంది, దిగులు మాత్రం లేదు. నేను రెండో గిటారు తీసుకుని, అరచేతి అంచు తీగలకు ఆనించి, బరువైన కార్డులు ఒకే నడకలో కొడుతూ పోయాను. వాడు అవే స్వరాలు మళ్లీ వాయించాడు. ఈసారి లాగిన ప్రతి స్వరమూ దేన్నుంచో విడిపించుకోవాలని పెనుగులాడుతున్నట్టు వినిపించింది. ఆల్బమ్‌లో ఆ కింది బరువు మోసేది రిథమ్ గిటారిస్టు ఆరన్ ఏడీ.

బాణీ పక్షాన ఇన్నేళ్లు వాదించిన నేను ఈ ఆల్బమ్ దగ్గర మాత్రం ఏడీ వైపే మొగ్గుతున్నాను. కింద కదలనిది ఒకటి ఉంటేనే పైన రాగానికి బాధ తెలుస్తుంది. ఈ బ్యాండులో డ్రమ్మర్లు మారుతూ వచ్చారు గానీ హోమ్స్, మాకింటోష్, ఏడీ, బేస్ వాయించే స్టీవ్ ఎడ్మండ్‌సన్ మొదటినుంచీ కలిసే ఉన్నారు. ఆ కుదురు వాళ్ల వాయిద్యంలో తెలుస్తుంది. గిటారు పట్టే పిల్లలకు నేను చెప్పేదొకటే: ఏడీ వాయించే భాగాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా తడబడకుండా, తొందరపడకుండా వాయించడం నేర్చుకోండి. లీడ్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.