పులుపు నిలబెట్టిన తీపి

తియ్యటి వైన్ అనగానే రుచి తెలిసినవాళ్లు కూడా మొహం తిప్పుకుంటారు. అందుకు కారణం లేకపోలేదు. 1970, 80 దశకాల్లో లీబ్‌ఫ్రౌమిల్ష్ పేరుతో చవక తీపి వైన్ జర్మనీ నుంచి బ్రిటన్‌కీ అమెరికాకీ విపరీతంగా వెళ్లింది. నిజానికి అది వోర్మ్స్ పట్టణంలో ఒక చర్చి చుట్టూ ఉన్న ద్రాక్షతోట వైన్‌కి వచ్చిన పేరు. చివరికి ఏ తోటలో పండిందో ఎవరికీ పట్టని తీపినీళ్లకు అంటుకుంది. ఆ మచ్చ అదే దేశంలో మోజెల్ నది ఒడ్డున పండే రీస్లింగ్ ద్రాక్ష వైన్ మీద కూడా పడింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మోజెల్ లోయ చల్లటి చోటు. బ్రెమ్ ఊరి పైన కాల్మోంట్ కొండ వాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ కాయలు చేత్తో కోయాల్సిందే. నేలంతా పలకరాయి ముక్కలు. పగటి ఎండను దాచుకుని రాత్రి తీగలకు వెచ్చదనం ఇస్తాయి. కాయ తొందరపడకుండా పండుతుంది, చక్కెర చేరుతున్నా పులుపు తగ్గదు. పూర్వం శీతకాలపు చలికి నేలమాళిగల్లో ఈస్ట్ పని మందగించి, రసంలో కొంత చక్కెర పులియకుండా మిగిలిపోయేది. ఇప్పుడు కావాలనే చల్లబరిచి, వడకట్టి ఆపుతారు. అలా ఆగిన వైన్‌లో ఆల్కహాల్ 8 శాతం దగ్గరే ఉంటుంది, తీపి నిలుస్తుంది, దాన్ని పులుపు పట్టుకుంటుంది. చింతపండు పులుసులో బెల్లం ముక్క ఎందుకు వేస్తామో తెలిసిన నాలుకకు ఈ రుచి కొత్త కాదు.

మరి దేనితో తాగాలి? చాలామంది భోజనం చివర స్వీటు పక్కన పెడతారు. నన్నడిగితే ఆ వైన్‌కి అంతకన్నా అన్యాయం లేదు. తినేది వైన్ కంటే తియ్యగా ఉంటే వైన్‌లోని తీపి నాలుకకు అందదు, పులుపొక్కటే తెలుస్తుంది. గులాబ్‌జామ్ పక్కన ఎంత గొప్ప సీసా అయినా నిమ్మరసమే.

మోజెల్ ఒడ్డున రైతులు ఏడాదిలో కొన్ని నెలలు తమ ఇంటి ముంగిట్లోనే బల్లలు వేసి సొంత వైన్ పోస్తారు. అక్కడ పళ్లెంలోకి వచ్చేవి ఉప్పు, కొవ్వు ఉన్న తిండ్లు. పొగబెట్టిన చేప, పంది మాంసం, బంగాళదుంప తురుముతో కరకరలాడేలా వేయించిన అట్లు, వాటిపైన ఆపిల్ గుజ్జు. నూనె బరువును పులుపు కోసేస్తుంది, ఉప్పును తీపి మెత్తబరుస్తుంది. ఆ అట్టు, ఒక గ్లాసు కాబినెట్ (రీస్లింగ్‌లో తేలికపాటి రకం) ఉంటే నాకు ఆ పూటకు ఇంకేమీ అక్కర్లేదు.

కారం సంగతి ఇంకా ఆసక్తికరం. ఆల్కహాల్ మిరపకాయ మంటను పెంచుతుంది, చక్కెర తగ్గిస్తుంది. తక్కువ ఆల్కహాల్, కాస్త తీపి ఉన్న రీస్లింగ్‌ను థాయ్, సిచువాన్ వంటలకు అందుకే జోడిస్తారు. మన రొయ్యల వేపుడుకీ అదే లెక్క. పుల్లటి కూరల దగ్గర చాలా వైన్లు చప్పబడిపోతాయి, ఇది చేపల పులుసు ముందు కూడా నిలబడుతుంది. గోంగూర మాంసానికి మాత్రం కాబినెట్ చాలదు, ఇంకాస్త పండిన కాయతో చేసే స్పెట్‌లేజె కావాలి.

స్పెట్‌లేజె పుట్టుక గురించి రైన్‌గౌ అనే జర్మన్ వైన్ ప్రాంతంలో ఒక కథ చెబుతారు. 1775లో యోహానిస్‌బర్గ్ తోటకు కోత అనుమతి తేవాల్సిన గుర్రపు రౌతు ఆలస్యంగా వచ్చాడట. ఈలోగా కాయలకు బూజు పట్టింది. అయినా పిండారు, అద్భుతమైన వైన్ వచ్చింది. ఆ రౌతు విగ్రహం అక్కడి ప్రాంగణంలో ఉంది. ఆ బూజు కాయలోని నీటిని లాగేసి రసాన్ని చిక్కబరుస్తుంది. అలా ఎండిన కాయలతో చేసే ట్రోకెన్‌బేరెన్‌ఆస్‌లేజెను దేనితోనూ జతచేయకండి, ఒట్టిదే చుక్క చుక్కగా తాగాలి. దానికంటే తేలికైన ఆస్‌లేజెకి ఉప్పగా ఉండే నీలి చీజ్ మంచి తోడు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 1971 జర్మన్ వైన్ చట్టం ప్రకారం స్పెట్‌లేజె లాంటి పేర్లు కాయ ఎంత పండిందో చెబుతాయి, సీసాలో తీపి ఎంతో చెప్పవు. అందుకే లేబుల్ మీద ఆల్కహాల్ అంకె చూడండి. రీస్లింగ్‌లో 7 నుంచి 9 శాతం ఉంటే సాధారణంగా తీపిది, 12 దాటితే తీపి లేనిది. తీపిది దొరికితే బాగా చల్లబరిచి, ముందుగా వేపుడుతో తాగి చూడండి.