హస్తకూ చిత్తకూ నడుమ

ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య నాటి అర్ధరాత్రికి కన్యారాశి ఆకాశంలో బాగా పైకి వచ్చి ఉంటుంది. హస్తకు కాస్త ఉత్తరంగా, చిత్తకు పడమరగా ఉన్న ఖాళీలో సాంబ్రెరో గెలాక్సీ ఉంది. దూరం దాదాపు 3 కోట్ల కాంతి సంవత్సరాలు. 1781లో ఫ్రాన్స్‌లో ఖగోళ శాస్త్రవేత్త పియర్ మెషాన్ కంటబడింది. ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో కన్ను పెట్టి చూస్తే తెల్లటి మసక, అంతే. అదే టెలిస్కోపుకు కెమెరా బిగించి, పెరట్లోంచి తీసిన మంచి ఫోటోలో మాత్రం దాని నడుముకు అడ్డంగా నల్లటి ధూళి పట్టీ గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీత అంత సన్నగా ఎలా వచ్చిందన్న చోటే పనితనం మొదలవుతుంది.

టెలిస్కోపు అనగానే "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని అడుగుతారు. ఈ పనిలో అది అసలు ప్రశ్నే కాదు. ఎంతసేపు కదలకుండా పట్టుకోగలదన్నదే లెక్క. 800 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపు వెనక నేటి కెమెరా పెడితే ఒక్కో పిక్సెల్‌కు ఆకాశంలో సుమారు ఒక ఆర్క్ సెకను అనే అతి చిన్న కోణం వస్తుంది. ఆకాశమేమో సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరిగిపోతుంటుంది. మూడేసి నిమిషాల ఫోటోలు పదుల కొద్దీ తీయాలి. అన్నిటిలోనూ చుక్క చుక్కలాగే ఉండాలి, గీత కాకూడదు.

మా నారాయణఖేడ్‌లో ఈ పనికి కొన్ని కలిసొస్తాయి, కొన్ని అడ్డొస్తాయి. హైదరాబాద్ వెలుగు వంద కిలోమీటర్ల అవతల, ఆగ్నేయాన కింద ఉండిపోతుంది. సాంబ్రెరో ఇక్కడ 60 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది కాబట్టి గాలిలోని దుమ్ము కూడా తక్కువే అడ్డుపడుతుంది. చిక్కంతా ఉత్తరాన. టెలిస్కోపు ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా తిప్పి నిలపడానికి ధ్రువ నక్షత్రం కావాలి. ఇక్కడ అది దిగంతం నుంచి 18 డిగ్రీల ఎత్తులోనే, చెట్ల చాటునో పక్కింటి గోడ చాటునో ఉంటుంది. డాబా ఎక్కితే కనబడుతుంది గానీ, ఎండకు కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూ బొమ్మను వణికిస్తుంది. ఎవరైనా నడిస్తే చుక్కలన్నీ ఊగుతాయి. పెరడే మేలు. కాకపోతే నల్లరేగడి నేల కాబట్టి ట్రైపాడ్ మూడు కాళ్ల కిందా షాబాద్ బండ ముక్కలు వేసుకోవాలి.

ఇరుసును తిప్పే వార్మ్ గేరును ఎంత నునుపుగా కోసినా, చుట్టు చుట్టుకూ చుక్క అటూ ఇటూ జరుగుతుంది. అందుకే పక్కన మరో చిన్న టెలిస్కోపు, దానికో చిన్న కెమెరా. అది ఒకే నక్షత్రాన్ని రెండు మూడు సెకన్లకోసారి చూస్తూ, జరిగినంత మేర మోటారును వెనక్కి లాగుతుంది. ఈ పని ఇప్పుడు కంప్యూటరుది. మొన్నమొన్నటి దాకా మనిషి కంటిదే. అలాంటి రోజుల్లోనే, 1888లో లివర్‌పూల్ దగ్గర మాఘల్‌లో ఐజాక్ రాబర్ట్స్ అనే భవన నిర్మాణ వ్యాపారి 20 అంగుళాల టెలిస్కోపుతో ఆండ్రోమెడాను ఫోటో తీసి, అందులోని సుడి ఆకారాన్ని లోకానికి చూపించాడు. ఆయనకు ఖగోళం వృత్తి కాదు, సరదా.

మన దగ్గరా ఆకాశం మీద మోజు ఓ ఇంటి ఆవరణలోనే మొదలైంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొని, హైదరాబాద్ ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో అబ్జర్వేటరీకి పునాది వేశాడు. ఆయన పోయాక 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, తరవాత బేగంపేటకు మారింది. అక్కడి 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్ అనే ఫోటో టెలిస్కోపుతో, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని, ఆపైన ఉత్తరాన మరో పట్టీని గాజు ప్లేట్ల మీదికి ఎక్కించారు. ప్లేటు మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక ఆర్క్ నిమిషం. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను ఒక్కొక్కటిగా కొలిచి అచ్చు వేశారు. సాంబ్రెరో ఆ దక్షిణ పట్టీకి కొద్ది డిగ్రీలు పైన తప్పిపోయింది, పాపం.

అర్ధరాత్రి దాటాక మరో గండం. గెలాక్సీ నడిరేఖ దాటగానే టెలిస్కోపు ట్రైపాడ్ కాళ్లకు తగలకుండా మొత్తం అటు నుంచి ఇటు తిప్పాలి. కెమెరా తలకిందులవుతుంది. మళ్లీ అదే చోటికి, పిక్సెల్ తేడా పెద్దగా లేకుండా తెచ్చి నిలపాలి. ఫోకస్ కూడా మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే రాత్రి చల్లబడే కొద్దీ ట్యూబు కుంచించుకుంటుంది. రష్యా ఔత్సాహికుడు పావెల్ బహ్తినోవ్ 2005లో కనిపెట్టిన చీలికల మూత ఇక్కడ అక్కరకొస్తుంది. దాన్ని మూతికి పెడితే ప్రకాశవంతమైన చుక్క నుంచి మూడు కిరణాలు పుడతాయి. మధ్య కిరణం మిగతా రెంటికీ సరిగ్గా నడుమకు వచ్చిందంటే ఫోకస్ కుదిరినట్టు.

తెల్లవారుజామున తెల్ల బనీను గుడ్డ ట్యూబు మూతికి బిగుతుగా కట్టి, లేత ఆకాశాన్ని ఫోటో తీస్తారు. అందులో కెమెరా అద్దం మీది దుమ్ము కణాలు వలయాల్లా పడతాయి. గెలాక్సీ ఫోటోలను దీనితో భాగిస్తే ఆ వలయాలు, మూలల్లోని చీకటి పోతాయి. ఈ కాసేపు ఓపిక చాలామందికి ఉండదు, అది ఫోటోలో తెలిసిపోతుంది.

ఇక కలపడం. నాలుగింతల సేపు తీస్తే గాని ఫోటోలోని గరుకు (నాయిస్) సగానికి తగ్గదు. కాబట్టి గంటల కొద్దీ కాంతిని పోగేసి, డీప్‌స్కైస్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఒకటిగా పేర్చి, ఆ తరవాత మసక భాగాలను మెల్లగా వెలుగులోకి లాగాలి. చేయి తిరిగినవాళ్లు నేపథ్యాన్ని కాటుక నలుపు చేయరు. అలా చేస్తే గెలాక్సీ చుట్టూ ఉన్న పలచని వెలుగు కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోతుంది. నునుపు కోసం గరుకునంతా తీసేస్తే ధూళి పట్టీ ప్లాస్టిక్ రిబ్బనులా తయారవుతుంది. ఫోటో ఎవరు చూపించినా నేను ముందు చూసేది గెలాక్సీని కాదు, నాలుగు మూలల్లోని చిన్న చుక్కలు గుండ్రంగా ఉన్నాయా లేదా అని.