పూర్వపక్షానికి పెద్దపీట

దేవుడు ఉన్నాడా అని ప్రశ్న వేసుకుని, లేడనడానికి ఉన్న కారణాలతో మొదలుపెట్టిన క్రైస్తవ గ్రంథం ఒకటుంది. రాసినవాడు ఇటలీలో పుట్టిన డొమినికన్ సన్యాసి థామస్ అక్వినాస్. పుస్తకం పేరు ‘సుమ్మా థియోలాజియే’. 1265 ప్రాంతంలో మొదలైంది. దేవుని ఉనికి గురించిన చర్చలో ముందుగా కనిపించేవి రెండు ఆక్షేపణలు. అనంతమైన మంచి ఒకటి నిజంగా ఉంటే చెడుకు చోటే ఉండకూడదు, కానీ చెడు మన కళ్లెదుటే ఉంది. ఇది మొదటిది. ప్రకృతిలో జరిగేవాటికి ప్రకృతి, మనుషులు చేసేవాటికి మనిషి బుద్ధీ సంకల్పమూ కారణాలుగా సరిపోతున్నప్పుడు పైన ఇంకొకరు దేనికి? ఇది రెండోది. ఏడున్నర శతాబ్దాల తర్వాత కూడా దేవుణ్ని కాదనేవాళ్లు ఎక్కువగా పట్టుకునే వాదాలు ఇవే. వాటిని ఇంత తేటగా రాసిపెట్టినవాడు జీవితమంతా దేవుడికే ఇచ్చిన మనిషి. క్రైస్తవ దైవశాస్త్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ పద్ధతే.

ఎదుటివారి వాదమైన పూర్వపక్షం ముందు, సొంత సిద్ధాంతం తర్వాత అనే క్రమం మన భాష్యాలు చదివినవారికి కొత్త కాదు. యూరప్‌లో అది వేరే దారిన వచ్చింది. పన్నెండో శతాబ్దంలో పీటర్ అబెలార్డ్ అనే పండితుడు 158 ప్రశ్నలు తీసుకుని, ఒక్కోదాని కింద సభాపితరుల, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల, మాటలను ఒకదానికొకటి ఎదురుగా పేర్చాడు. ఒకరు అవునన్నదాన్ని ఇంకొకరు కాదంటారు. ఏది సరైనదో అబెలార్డ్ చెప్పలేదు, ఆ పని చదివేవాడికే వదిలేశాడు. సభాపితరుల మీద గౌరవం ఉన్నవాళ్లకు ఇది మింగుడుపడని పుస్తకం. అయినా ఆ విత్తనం మొలకెత్తింది. తర్వాతి శతాబ్దానికి పారిస్ విశ్వవిద్యాలయంలో బహిరంగ వాదసభలు చదువులో భాగమయ్యాయి. గురువు ఒక ప్రశ్న ప్రకటిస్తాడు. సభలో ఉన్నవాళ్లు ఆక్షేపణలు లేవదీస్తారు. ఇంకా గురుపీఠం ఎక్కని పెద్ద విద్యార్థి ఒకడు నిలబడి వాటికి జవాబు చెప్పుకోవాలి. మరో రోజు గురువే వచ్చి అన్నీ కలిపి చూసి తన తీర్పు ఇవ్వాలి. క్రిస్మస్‌కు ముందొకసారి, ఈస్టర్‌కు ముందొకసారి జరిగే ప్రత్యేక సభల్లో ఎవరు ఏ ప్రశ్నయినా వేయవచ్చు. 1256లో పారిస్‌లో గురుపీఠం ఎక్కిన అక్వినాస్ ఆ సభలనూ నడిపాడు. సుమ్మాలో ఉన్న 512 ప్రశ్నల అల్లిక ఆ వాదసభ నుంచి వచ్చిందే.

ఒక్క అంశాన్ని దగ్గరగా చూద్దాం. ఆకలికి తట్టుకోలేక దొంగతనం చేస్తే తప్పా? ఆక్షేపణలు తప్పే అంటున్నాయి. ఆకలి వల్లో, ఒంటిమీద బట్ట లేకో దొంగిలించినవాడు మూడు వారాలు ప్రాయశ్చిత్తం చేయాలని సంఘ ధర్మశాస్త్రంలో ఉంది. కొన్ని పనులు పేరులోనే చెడ్డవి, వాటిలో దొంగతనం ఒకటని అరిస్టాటిల్ అన్నాడు. పొరుగువాడికి దానం చేయడానికైనా దొంగిలించకూడదని అగస్టీన్ అన్నాడు. అంటే సంఘమూ, తత్త్వవేత్తా, సభాపితరుడూ ముగ్గురూ ఒకే వైపు నిలబడ్డారు. ఎదుటి వైపు అక్వినాస్ పెట్టింది ఒకే ఒక్క మాట, కష్టకాలంలో అన్నీ అందరివీ అని. తర్వాత సొంత జవాబు మొదలవుతుంది. భూమి మీది వస్తువులు మనిషి అవసరం తీర్చడానికే ఏర్పడ్డాయి. ఇది నీది, అది నాది అన్న పంపకం మనుషులు చేసుకున్న చట్టం. ఆ చట్టం మొదటి ఏర్పాటును రద్దు చేయలేదు. కాబట్టి ఉన్నవాళ్ల దగ్గర మిగిలింది పేదల హక్కు. అక్కర్లో ఉన్నవారు ఎందరో ఉంటారు గనుక ఎవరికి ఎలా సాయపడాలన్నది మామూలుగా సొంతదారు వివేకానికే వదిలేస్తాం. కానీ ప్రాణం మీదికి వచ్చి, వేరే దారి లేనప్పుడు ఎదుటివాడి వస్తువు తీసుకోవచ్చు. చాటుగానైనా తీసుకోవచ్చు. అసలు దాన్ని దొంగతనం అనడమే సరికాదు.

ఇంత చెప్పాక కూడా పని అయిపోలేదు. వెనక్కి వెళ్లి ఒక్కో ఆక్షేపణకూ విడిగా జవాబివ్వాలి. ప్రాయశ్చిత్తం చెప్పిన నియమం అంత అత్యవసరం లేని సందర్భానికి వర్తిస్తుంది. అరిస్టాటిల్ మాట నిజమే, కానీ ఇక్కడ జరిగింది దొంగతనం కాదు. ఇక అగస్టీన్ మాటకొస్తే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తనకే కాదు, అంతే అక్కరలో ఉన్న పొరుగువాడి కోసమూ తీసుకోవచ్చు. ఎవరినీ మూర్ఖుడనలేదు, ఎవరి మాటనూ తోసేయలేదు. ఒక్కో మాట ఏ మేరకు నిజమో గీత గీసి చూపించాడు. ఆస్తి హక్కు, తిండి హక్కు గురించి మనం ఇప్పటికీ అరుచుకునే చర్చను ఒకటి రెండు పేజీల్లో ఇంత నిదానంగా నడిపినవాళ్లు అరుదు.

లేఖనం విషయంలోనూ ఆయన క్రమశిక్షణ గట్టిదే. బైబిలు మాటలకు గూఢార్థాలు వెతకడం అప్పటికి శతాబ్దాల అలవాటు. వాటిని ఆయన కాదనలేదు. కానీ వాదం నిలబడాలంటే అక్షరార్థం మీదే నిలబడాలని, విశ్వాసానికి అవసరమైనదేదైనా గూఢార్థంలో ఉంటే అది లేఖనంలో మరోచోట సూటిగానూ ఉంటుందని తేల్చి చెప్పాడు. పల్పిట్ మీద నుంచి ఒక్క వచనం పట్టుకుని తోచినట్టు అల్లుకుపోయే ప్రసంగాలు విన్నవారికి ఈ నియమం విలువ చెప్పక్కర్లేదు.

ఇక తత్త్వశాస్త్రం. అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథాలను బోధించకూడదని 1210లోనూ 1215లోనూ పారిస్‌లో నిషేధం పెట్టారు. 1255కల్లా అదే విశ్వవిద్యాలయం వాటిని పాఠ్యాంశాల్లో చేర్చింది. ఆ గ్రంథాలతో పాటు ముస్లిం పండితులు ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్‌ల రచనలు, యూదు గురువు మైమొనిడీస్ రచనలు కూడా వచ్చాయి. అక్వినాస్ వీళ్లందరినీ తన పేజీల్లోకి పిలిచాడు, ఒప్పుకున్నచోట ఒప్పుకున్నాడు, కాదన్నచోట కారణం చెప్పాడు. ఈ లోకానికి ఆరంభం లేదని అరిస్టాటిల్ వాదం. ఆరంభం ఉందని ఆదికాండం. అక్కడ అక్వినాస్ చేసిన పని నాకు చాలా ఇష్టం. ఆరంభం ఉందని తాను నమ్ముతున్నాడు, కానీ తర్కంతో దాన్ని రుజువు చేయలేమని ఒప్పుకున్నాడు. చాలని రుజువులు తెచ్చి చూపితే, మనం నమ్మేది ఇలాంటి వాటినేనా అని నమ్మనివాళ్లు నవ్వుతారని తన వాళ్లనే హెచ్చరించాడు.

ఈ పద్ధతి తప్పులను ఆపేసిందా? లేదు. పశ్చాత్తాపపడని పాషండులను రాజ్యానికి అప్పగించి మరణశిక్ష వేయవచ్చని ఆయనే రాశాడు. అక్కడి ఆక్షేపణల్లో గోధుమలు, గురుగుల ఉపమానం ఉంది. కోతకాలం దాకా రెంటినీ కలిసి ఎదగనివ్వమని యజమాని చెప్పాడు కదా అని. ఆక్షేపణే సరైనది, ఆయన ఇచ్చిన జవాబే తప్పు. అయినా ఆ ఆక్షేపణను ఆయన చెరిపేయలేదు. కాబట్టి ఈనాటి పాఠకుడు అదే పేజీలో ఆయనకు ఎదురు నిలబడవచ్చు.

ఇంతకన్నా లోతైన లోపం ఇంకోటుంది. పారిస్ సభలో స్త్రీలు లేరు, పొలం దున్నే అర్ధబానిసలు లేరు. స్త్రీ పుట్టుకలో ఏదో లోపముందన్న అరిస్టాటిల్ మాటను అక్వినాస్ కొన్ని సవరణలతో ఒప్పుకున్నాడంటే, కాదని లేచి అడిగే స్త్రీ ఆ గదిలో లేకపోవడం ఒక కారణమని నేననుకుంటాను. సభలోకి రానివాళ్ల ఆక్షేపణ పుస్తకంలోకీ రాదు. 1971లో పెరూ దేశపు గురువు గుస్తావో గుటియెర్రెజ్ విమోచన దైవశాస్త్రం గురించి రాసినప్పుడు, 1980లలో అరవింద్ నిర్మల్ బెంగళూరు నుంచి దళిత దైవశాస్త్రానికి పునాది వేసినప్పుడు జరిగింది అదే. బయట ఉండిపోయిన పూర్వపక్షం లోపలికి వచ్చింది. మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారే ఎక్కువగా ఉన్న తెలుగు సంఘాలకు ఇది దూరపు సంగతి కాదు. అంటరానితనం గురించి దైవశాస్త్రం ఏం చెబుతుందని వాళ్లు అడిగితే, ఆ ప్రశ్న పేజీలో మొదటి వరసలో ఉండాలి.

1273 డిసెంబరులో అక్వినాస్ ఉన్నట్టుండి రాయడం మానేశాడు. మరుసటి మార్చి 7న చనిపోయాడు. సుమ్మా అసంపూర్తిగా మిగిలింది. 1277లో పారిస్ బిషప్ ఖండించిన 219 ప్రతిపాదనల్లో కొన్ని ఆయన భావాలనూ తాకాయి. 1323లో అదే సంఘం ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది.

చదవాలనుకునేవారికి ఒక మాట. సుమ్మాను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. రెండో భాగం రెండో సగంలో 66వ ప్రశ్న, ఏడో అంశం తెరవండి. పైన చెప్పిన ఆకలి ప్రశ్న అదే. ఆక్షేపణలు చదివాక పుస్తకం మూసి, మీ జవాబు కాగితం మీద రాయండి. ఆ తర్వాతే ఆయన జవాబు చదవండి.